కిటికీ పక్క మేకు

రోలరులోంచి దుప్పటి పొగలు కక్కుతూ బయటికొచ్చింది. ఈ కొసన రెండు మూలలు ఆమె అందుకుంది, ఆ కొసన రెండు మూలలు బొద్దక్క అందుకుంది. ఇద్దరూ వెనక్కి వాలి ఒక్క లాగు లాగి దులిపారు. నిలువుగా ఒక మడత, మళ్ళీ లాగి ఇంకో మడత. తర్వాత ఎదురెదురుగా నడిచి మూలకు మూల కలిపారు.

“ఇంటి దగ్గరెలా ఉంది?” మూలలు చేతికిస్తూ బొద్దక్క అడిగింది.

ఆమె జవాబు చెప్పేలోగా బొద్దక్క వెనక్కి వెళ్ళిపోయింది. ఇంకో దుప్పటి వచ్చింది. లాగారు, దులిపారు, మడిచారు, నడిచారు.

“పొద్దున్నుంచీ మంచిగా ఉన్నాడక్కా.”

ఇంకో దుప్పటి.

“మంచిదేగా?”

ఇంకో దుప్పటి.

“అదే భయంగా ఉంది.”

ఆ గదిలో మాటలు అలాగే నడుస్తాయి. ఆసుపత్రి వెనక వైపు, వంటగదికీ జనరేటరు గదికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది లాండ్రీ. బట్టలుతికే మిషన్లు మూడు, పిండేది ఒకటి, ఇస్త్రీ రోలరు ఒకటి. అన్నీ కలిసి చేసే రొదలో ఎవరైనా చెవిలో అరిచినా సగమే వినబడుతుంది. అందుకని అక్కడి ఆడవాళ్ళు ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు. దుప్పటి మడిచేటప్పుడు ఇద్దరూ ముఖానికి ముఖం వచ్చే ఆ రెండు క్షణాల్లో ఒక మాట అనెయ్యడం, వెనక్కి పోవడం. కబురు చిన్నదైతే మూడు దుప్పట్లలో అయిపోతుంది. అత్తగారి సంగతైతే ఒక వార్డు వార్డంతా పడుతుంది. బొద్దక్క కూతురికి సంబంధం కుదరడం, తప్పిపోవడం, మళ్ళీ అదే సంబంధం కుదరడం, ఇదంతా చెప్పుకోవడానికి నాలుగు వందల దుప్పట్లయినా పట్టి ఉంటాయి.

అక్కడ పనిచేసేవాళ్ళు తొమ్మిది మంది. అందరికీ మోకాళ్ళ దాకా ఒకే ఆకుపచ్చ కోటు, జుట్టంతా కప్పే ఆకుపచ్చ టోపీ. రోగుల దుప్పట్ల మీద ఒక్క వెంట్రుక కనబడిందా, సూపర్‌వైజరు ఆ రోజంతా మొహం మాడ్చుకుని తిరుగుతాడు. ఆయన్ని వెనకాల కళ్ళజోడు అంటారు. ఆమెని మాత్రం అందరూ ముఖం మీదే ‘కిటికీ’ అని పిలుస్తారు.

కిటికీ పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ముప్ఫై ఆరేళ్ళకే భుజాలు ముందుకు వంగిపోయాయి. ఆవిరికి నానీ నానీ వేళ్ళ కొసలు తెల్లబారిపోయాయి. ఎడమ కనుబొమ్మ మీద ఒక గీత, దాని పక్కనే ఇంకో చిన్న గీత. ఆ రోజు కుడి మణికట్టు వాచి ఉంది. దుప్పటి లాగినప్పుడల్లా పళ్ళు బిగబట్టుకుంటోంది. బొద్దక్క అది చూసి తన వైపు లాగడం తగ్గించింది. తగ్గించినట్టు మాత్రం కనబడనివ్వలేదు.

పది నలభై అయింది. బయట రోడ్డు మీద రెండు పొట్టి హారన్లు.

ఆమె దుప్పటి వదిలేసి కిటికీ దగ్గరికి నడిచింది. నడిచింది అంటే అబద్ధం, పరిగెత్తింది. ప్రహరీ గోడ పొట్టిది, దాని అవతలే రోడ్డు. టౌను బస్సు నెమ్మదించింది. డ్రైవరు తల వంచి లాండ్రీ కిటికీ వైపు చూశాడు. ఆమె చెయ్యి ఊపింది. అతనూ ఊపాడు. బస్సు సాగిపోయింది.

ఆ డ్రైవరు ఆమె భర్త. ఊళ్ళో అతనంటే పడి చస్తారు. ముసలమ్మ చెయ్యెత్తితే స్టాపు కాకపోయినా బస్సు ఆపుతాడు. ఎక్కినవాళ్ళనల్లా మామా, పిన్నీ, బావా అని వరసలు కలిపి నవ్విస్తాడు. అయిదేళ్ళ కిందట కావాలని అడిగి మరీ ఈ రూటు వేయించుకున్నాడు. ఈ బస్సు రోజుకి నాలుగుసార్లు ఆసుపత్రి వెనక నుంచి పోతుంది. ఎనిమిదీ పదికి, పది నలభైకి, ఒంటిగంటా ఇరవైకి, మూడూ యాభైకి. నాలుగుసార్లూ రెండేసి హారన్లు. నాలుగుసార్లూ ఆమె కిటికీలో కనబడాలి.

మొదట్లో లాండ్రీ ఆడవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. మొగుడంటే ఇలా ఉండాలి, మనకీ ఉన్నారు ఎందుకూ, అన్నారు. ఇంత ప్రేమ ఎక్కడ దాచుకుంటావే అని ఏడిపించారు. కిటికీ అనే పేరు అప్పుడు పెట్టిందే. పాపం, పరిగెత్తలేక చస్తోందని కోటు తగిలించుకునే మేకు కూడా ఆమెకి అక్కడే ఇప్పించారు. సరిగ్గా కిటికీ చట్రానికి కొట్టిన మేకు. దానికి కోటు తగిలిస్తే సగం కిటికీ మూసుకుపోతుందని కళ్ళజోడు ఇప్పటికీ సణుగుతాడు.

వాళ్ళు ఏడిపించినప్పుడల్లా ఆమె నవ్వేది. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు గనక.

నాలుగేళ్ళ కిందట ఒకసారి పైవార్డుకి బట్టలివ్వడానికి వెళ్ళి మూడూ యాభైకి అందుకోలేకపోయింది. అతను ముప్ఫై మంది ప్రయాణికులతో బస్సు రోడ్డు మీద ఆపి, గోడ దూకి లోపలికొచ్చాడు. అందరి ముందూ ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఏమైపోయావోనని నా ప్రాణం పోయిందనుకో అన్నాడు. ఇద్దరు ముగ్గురికి కళ్ళు చెమర్చాయి. ఆ సాయంత్రం ఇంట్లో తలుపేసి రేడియో గట్టిగా పెట్టాడు.

మర్నాడు కనుబొమ్మకి కుట్లు వేసింది హెడ్ నర్సు. ఎలా తగిలిందంటే అలమారా తలుపు అని చెప్పింది ఆమె. రెండేళ్ళ తర్వాత రెండోసారి కుట్లకి వచ్చినప్పుడూ అలమారా తలుపే అంది. హెడ్ నర్సు సూదిలో దారం ఎక్కించుకుంటూ, “మీ ఇంట్లో అలమారాకి కోపం జాస్తిలా ఉందే,” అంది. కుట్లు పూర్తయ్యాక చేతులు కడుక్కుంటూ, ఆ అలమారా లేని ఇల్లు కావాలనిపించిన రోజు నా దగ్గరికి రా అని ఇంకొక్క మాట చెప్పింది. ఆమె తలూపి వచ్చేసింది. రావడమైతే వచ్చింది గానీ, ఆ మాటని మాత్రం గుండెలోంచి ఎప్పుడూ తీసి పారెయ్యలేదు.

అసలు కథంతా మొదలైంది పదహారు రోజుల కిందట. ఆ రోజు మూడూ యాభైకి ఆమె పిండే మిషన్ లోపలికి సగం దూరి, చిక్కుపడిపోయిన దిండు గలీబుల్ని ఊడదీస్తోంది. హారన్ వినబడనేలేదు. తల బయటికి తీసి గోడ గడియారం చూసేసరికి నాలుగూ అయిదు.  కాళ్ళు ఈడ్చుకుంటూ ఇంటికి వెళ్ళింది. అతను వచ్చాడు, చెప్పులు విప్పాడు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. గోడకి ఆనుకుంటే వీపు మీద పడవు.

“ఇవాళ భలే హుషారుగా ఊపావే చెయ్యి?” అన్నాడతను. నవ్వుతూ కూచుని అన్నం తిన్నాడు.

ఆమెకి అప్పుడు తట్టింది, తను మిషన్‌లోంచి తల తీసేసరికి కిటికీ దగ్గర బొద్దక్క ఉంది. మూడూ యాభై వేళ ఉక్కకి తట్టుకోలేక అక్కడికెళ్ళి నిలబడింది బొద్దక్క. రెండు హారన్లు వినబడితే, పాపం పిలుస్తున్నాడు కదా అని సరదాకి చెయ్యి ఊపింది. బొద్దక్కకి యాభై రెండేళ్ళు. ఆమెలో సగం పొడుగు, రెండింతల వెడల్పు. పదకొండేళ్ళు కాపురం చేసిన మనిషి, రోజూ నాలుగుసార్లు కాపలా కాసే మనిషి, బొద్దక్కని చూసి భార్య అనుకుని తృప్తిగా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ ఆమె కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో నవ్వుకుంది. ఏడవడానికి కుళాయి తిప్పడం ఆ ఇంట్లో అలవాటే. నవ్వడానికి తిప్పడం అదే మొదటిసారి.

మర్నాడు బొద్దక్కతో ఈ సంగతి చెప్పింది. అది చెప్పాలంటే రేడియో సంగతి చెప్పాలి, అలమారా సంగతి చెప్పాలి, మూడో ఏట పోయిన కడుపు సంగతి చెప్పాలి. రెండు వార్డుల దుప్పట్లు పట్టాయి. మధ్యలో ఎక్కడా బొద్దక్క అయ్యో అనలేదు. మొత్తం విన్నాక మాత్రం, నేనూ నువ్వూ ఒకేలా ఉన్నామా, వాడి కళ్ళు కాకులు పొడవ, అని తిట్టింది. వెనక్కి వెళ్ళింది. తర్వాతి దుప్పటికి ఎదురొచ్చినప్పుడు బొద్దక్క ముఖంలో నవ్వు లేదు.

“అంటే, మూడూ యాభైకి ఎవరో ఒకరు కోటేసుకుని నిలబడితే చాలన్నమాట.”

 మూడు దుప్పట్లు ఊరికే మడిచారు.

ఊళ్ళోంచి బయటపడాలంటే బస్సు కుదరదు. ఏ బస్సెక్కినా డ్రైవరో కండక్టరో ‘వదినా, ఎక్కడికి?’ అని పలకరిస్తాడు. ఆమె సీట్లో కూచునేలోగా కబురు భర్తకి చేరిపోతుంది. ఊరి రైల్వే స్టేషను బస్టాండుకి ఎదురుగానే ఉంది, అదీ కుదరదు. ఇక మిగిలింది లాండ్రీ వ్యాను. ప్రతి గురువారం రెండింటికి పక్క ఊరి ఆసుపత్రికి దుప్పట్ల మూటలు తీసుకెళ్తుంది. అక్కడి స్టేషనులో నాలుగూ ఇరవై అయిదుకి రైలుంది. ఆ రైలు వెళ్ళే దూరపు ఊళ్ళో హెడ్ నర్సుతో కలిసి చదువుకున్నావిడ ఒక ఆసుపత్రిలో మేట్రను. లాండ్రీలో పని ఉంది, ఉండడానికి గది ఉంది. ఉత్తరం రాసిచ్చింది హెడ్ నర్సు, ఆమె అడిగిన రోజునే.

మూడూ యాభై మాత్రం దాటాలి. అప్పుడు కిటికీలో ఎవరూ కనబడకపోతే అతను బస్సాపి లోపలికొస్తాడు. రైలు రావడానికి ఇంకా అరగంట పైనే ఉంటుంది. నాలుగు ఫోన్లు చేస్తే చాలు, పక్క ఊరి స్టేషనులో కూడా అతన్ని అన్నా అని పిలిచేవాళ్ళు ఉన్నారు.

ఇంటికొచ్చినప్పుడు అతను ఆమె సంచి తీసి చూస్తాడు, జేబులు చూస్తాడు, ఒక్కోసారి జుట్టు వాసన కూడా చూస్తాడు. పొద్దున్న వెళ్ళేటప్పుడు మాత్రం ఏమీ చూడడు. ఇంట్లోంచి బయటికి పోయేదానికి విలువైనది ఏముంటుందని అతని ధీమా. ఆమె క్యారేజీలో పై గిన్నెలో అన్నం కూర సర్దుకుని, అడుగు గిన్నెలో రోజుకొక వస్తువు పెట్టుకుంది. మడతల్లో ఆరితేరిన చెయ్యి ఆమెది. జత బట్టలు అరచెయ్యంత చేసి గిన్నెలో కుక్కగలదు. అలా పదిహేను రోజుల్లో రెండు జతల బట్టలు, శాలువా, దువ్వెన, అమ్మ ఫోటో, అన్నీ లాండ్రీకి చేరాయి. చిరుగుల అర మీద ఒక దిండు గలీబులో దాచింది. చిరుగుల అర జోలికి ఎవరూ పోరు, పోతే కుట్టమంటారు.

ఇవాళ గురువారం. పొద్దున్నకి మిగిలింది ఒక్క కాగితం, ఆమె బడి సర్టిఫికెట్టు. అలమారాలో అతని అరలో, పరిచిన కాగితం కింద ఉంది. అతను స్నానాల గదిలో ఈల వేస్తుండగా తీసింది. ఎనిమిది మడతలు వేసి అడుగు గిన్నెలో పెట్టి మూత బిగించేలోపు తలుపు తెరుచుకుంది.

అతను తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి ఆమె మణికట్టు చేతిలోకి తీసుకున్నాడు. అది మొన్న అతను మెలితిప్పిన మణికట్టే. మందు తెచ్చి రాశాడు, నెమ్మదిగా, ఊదుతూ. తనే టీ పెట్టి ఇచ్చాడు. ఆదివారం సినిమాకి వెళ్దామన్నాడు. నువ్వు విసిగించకపోతే నేనెందుకే అలా చేస్తాను అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కళ్ళనీళ్ళు దొంగవి కావు, అదే ఆమెని చంపుతుంది. చివరికి గుమ్మం దగ్గర క్యారేజీ తనే ఎత్తి ఆమెకి అందించాడు. ఒక్క క్షణం దాన్ని చేతిలో ఊపి చూశాడు.

“బరువుగా ఉందే ఇవాళ?”

ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“తిను, బాగా తిను. చిక్కిపోతున్నావు,” అని బుగ్గ మీద తట్టి పంపించాడు.

ఇప్పుడు పన్నెండు దాటింది. పిల్లల వార్డు దుప్పట్లు, చిన్నవి, చకచకా వస్తున్నాయి. ఆమె ఎదురు నడిచినప్పుడు బొద్దక్క ముఖం చూడకుండా, వచ్చే గురువారం వెళ్తే అంది. బొద్దక్క మూలలు అందుకుని వెనక్కి వెళ్ళింది. ఆ దుప్పటి పోయింది, ఇంకోటి వచ్చింది. నీ ఇష్టం తల్లీ, గురువారాలకేం, వస్తూనే ఉంటాయి అంది. కోపంగా అన్నా బాగుండేది. బొద్దక్క చాలా మామూలుగా, మూలలు సరిచేస్తూ అంది.

అన్నం వేళకి ఆమె క్యారేజీ విప్పలేదు. అతను ఊదుతూ మందు రాయడమే కళ్ళ ముందు మెదులుతోంది. పెళ్ళయిన కొత్తలో జ్వరమొస్తే మూడు రోజులు పక్కన కూచున్నాడు. అలాంటి మూడు రోజులు ఏడాదికొకసారి ఎలాగోలా వస్తూనే ఉన్నాయి, వాటిని అతుకులేసుకుంటూ పదకొండేళ్ళు లాక్కొచ్చింది. ఆదివారం సినిమా కూడా అలాంటిదే ఒక అతుకు. అది తెలుసు. తెలిసినా మనసు లాగుతోంది.

ఒంటిగంటా పదిహేనుకి రోలరు పక్కనున్న గంజి గొట్టం చటుక్కున ఊడింది. ఆమె కోటంతా మెడ నుంచి మోకాళ్ళ దాకా గంజినీళ్ళు. నీళ్ళు వేడిగా లేవు గనక బతికిపోయింది. గొట్టం బిగించి, కోటూ టోపీ విప్పి ట్రాలీ మీద పడేసి, తడి చేతులు తుడుచుకుంటూ నిలబడింది. ఇంతలో రెండు హారన్లు.

అలవాటైన కాళ్ళు ఆగలేదు. ఉన్నదున్నట్టుగా కిటికీ దగ్గరికి పరిగెత్తింది. ఆమె వేసుకున్నవి తన సొంత నీలం బట్టలు. జడ భుజం మీద నుంచి ముందుకు పడి ఉంది.

ఆ రోజు గేటు దగ్గర అంబులెన్సు ఒకటి అడ్డంగా తిరుగుతోంది. బస్సు సరిగ్గా కిటికీ ఎదురుగా ఆగిపోయింది. అతను తల వంచి చూశాడు. ఆమె చెయ్యెత్తి ఊపింది.

అతను ఊపలేదు. అతని చూపు ఆమె ముఖం మీదికొచ్చింది, అక్కడ ఆగలేదు, ఆమె భుజం మీదుగా గదిలోకి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ దాటిపోయింది. మరో రెండు హారన్లు కొట్టాడు. ఈసారి పొడుగ్గా. పెదాల మీద నవ్వు అలాగే ఉంది, దవడ మాత్రం బిగుసుకుంది. ఆ దవడ ఆమెకి బాగా తెలుసు.

ఆమె ఇంకోసారి చెయ్యి ఊపింది. పట్టపగలు, ఇరవై అడుగుల దూరంలో, తన ముఖంతో, తన జడతో, అతను మెలితిప్పిన చేత్తోనే ఊపింది. ఎవరో పనిమనిషి బస్సులో తెలిసినవాళ్ళకి ఊపుతోందన్నట్టు ఒక్క చూపు చూసి, అతను తలుపు హ్యాండిలు మీద చెయ్యి వేశాడు.

దిగబోతున్నాడు. ఆమె వెనక్కి తిరిగి ట్రాలీ మీది తడి కోటు లాక్కుని చేతులు దూర్చింది, టోపీ నెత్తిన పెట్టుకుంది, మళ్ళీ కిటికీలో నిలబడింది.

అతని ముఖం వెలిగిపోయింది. చెయ్యి ఊపాడు. ఎక్కడికెళ్ళావే అన్నట్టు కళ్ళెగరేశాడు. అంబులెన్సు తప్పుకుంది, బస్సు కదిలిపోయింది.

ఆమె అక్కడే నిలబడింది. కోటు అంచుల నుంచి గంజినీళ్ళు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతున్నాయి. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది, రాలేదు. గుండె మీద ఎప్పటినుంచో కూచున్న బరువేదో తనంతట తనే లేచి పక్కకి తప్పుకున్నట్టు ఉంది. జ్వరంలో పక్కన కూచున్నది నిజం, మందు రాసింది నిజం, కళ్ళనీళ్ళూ నిజమే. వాటిలో ఎక్కడా తను లేదు, అంతే. అతనికి కావలసింది ఆ కిటికీలో ఒక ఆకుపచ్చ కోటు. దానికోసమా ఇన్నాళ్ళూ నేను పరిగెత్తింది అనుకుంది. హాయిగా అనిపించింది, సిగ్గు లేకుండా హాయిగా అనిపించింది.

అప్పుడు ఆకలేసింది. రోలరు వెనక స్టూలు మీద కూచుని పై గిన్నె మొత్తం మెతుకు మిగల్చకుండా తినేసింది. అడుగు గిన్నెలోంచి సర్టిఫికెట్టు తీసి ఉత్తరంతో పాటు తన నీలం బట్టల లోపలి జేబులో పెట్టుకుంది.

తడి కోటు విప్పి తన మేకుకి తగిలించింది. కోట్లు గుండీలు పెట్టే ఆరెయ్యాలి, లేకపోతే భుజాలు సాగుతాయని కళ్ళజోడు రూలు. ఏడేళ్ళ అలవాటుతో మెడ దాకా ఒక్కో గుండీ పెట్టింది. టోపీ పైన మేకుకే తగిలించింది. చిరుగుల అర మీంచి దిండు గలీబు దించింది. అది అంత చిన్నదిగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

రెండుకి అయిదు నిమిషాలుంది. రోలరులోంచి ఒక దుప్పటి వస్తోంది. బొద్దక్క ఆ కొసన ఎదురుచూస్తోంది. ఆమె గలీబు కింద పెట్టి ఈ కొస అందుకుంది. లాగారు, దులిపారు, మడిచారు. ఎదురెదురుగా నడిచి మూలకు మూల కలిపారు.

“వెళ్తున్నానక్కా.”

బొద్దక్క ఆమె రెండు చేతులూ దుప్పటితో సహా గట్టిగా పట్టుకుంది. వాచిన మణికట్టు నొప్పి పుట్టింది, ఆమె వదిలించుకోలేదు.

“మూడూ యాభై సంగతి నాకొదిలెయ్. నీకంటే వయ్యారంగా ఊపుతాను.”

వ్యాను నడిపే తాత చెవిటివాడు. హెడ్ నర్సు ముందే చెప్పి ఉంచింది గనక ఏమీ అడక్కుండా వెనక తలుపు తెరిచాడు. మూటల మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ చేసి, మెత్తటి మూట ఒకటి దిండులా వేసి ఉంచాడు. ఆమె ఎక్కి కూచుంది. దుప్పట్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి. వ్యాను గేటు దాటింది, ఎడమకి తిరిగింది. కాసేపటికి బస్టాండు రొద వినబడింది. హారన్లు, కండక్టర్ల కేకలు, టీ గ్లాసుల చప్పుడు. ఆమె మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని ఊపిరి బిగబట్టింది. రొద దగ్గరికొచ్చింది, పక్కకొచ్చింది, వెనకబడింది. తర్వాత టైర్ల చప్పుడొక్కటే మిగిలింది.

గుండె దడదడలాడుతుందనుకుంది. అది ఆశ్చర్యంగా నెమ్మదిగా కొట్టుకుంటోంది. తలుపు సందులోంచి సన్నటి ఎండ ఒకటి ఆమె మోకాలి మీద పడి, వ్యానుతో పాటు అటూ ఇటూ కదులుతోంది. దాన్ని చూస్తూ చూస్తూనే నిద్రపోయింది. మధ్యాహ్నం పూట ఆమె నిద్రపోవడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

లాండ్రీలో బొద్దక్క మూడుంపావు నుంచే గడియారం మీద కన్నేసి ఉంచింది. మూడూ నలభైకి టోపీ సర్దుకుంది. మూడూ నలభై అయిదుకి, సరిగ్గా అప్పుడే, ఆపరేషన్ గది దుప్పటొకటి రోలరుకి చుట్టుకుపోయింది. ఆపకపోతే మాడుతుంది, మాడితే నిప్పంటుకుంటుంది. కళ్ళజోడు పరిగెత్తుకొచ్చి మిషన్ ఆపాడు. మీరు పట్టుకోండి, నేను లాగుతాను అని దుప్పటి అంచు బొద్దక్క చేతిలో పెట్టాడు. వేళ్ళు కాలుతున్నాయి. వదిలితే మళ్ళీ లోపలికి పోతుంది. పట్టుకుంటే గడియారం ఆగదు. బొద్దక్క పక్కన ఇంకెవరినైనా పిలుద్దామని చూసింది. మిగతావాళ్ళంతా అవతలి గదిలో తడి బట్టలు దించుతున్నారు.

రెండు పొట్టి హారన్లు వినబడ్డాయి.

 బొద్దక్క దుప్పటి వదిలేసింది. వెనక నుంచి కళ్ళజోడు ఏదో అరిచాడు. ఇరవై ఏళ్ళుగా పరుగన్నది ఎరగని మనిషి, ట్రాలీని తుంటితో తోసేసి, తడి నేల మీద జారి, బల్ల పట్టుకుని నిలదొక్కుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది. మరో హారన్ కోసం చెవులు రిక్కించుకుంది. ఇప్పుడు బ్రేకు పడుతుంది, ఇప్పుడు తలుపు తెరుచుకుంటుంది, ఇప్పుడు గోడ దూకుతాడు.

కిటికీ ఊచలు పట్టుకుని చూసేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. బస్సు అప్పటికే మలుపు దగ్గరికి చేరింది. డ్రైవరు వైపు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, వెనక్కి, ఇటువైపే, ఉల్లాసంగా ఊపి లోపలికెళ్ళిపోయింది.

బొద్దక్కకి కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత మెల్లగా పక్కకి తిరిగింది. చూసి, కాలిన వేళ్ళతోనే నోరు మూసుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

వెనకాలే వచ్చిన కళ్ళజోడు ఆయాసపడుతూ, మిషన్ దగ్గర మనిషి ఉండాలా వద్దా అని చిరాకుపడ్డాడు. పనిలో పనిగా, వెలుతురుకి అడ్డం, ఆ కోటు తీసెయ్యండి అన్నాడు.

“ఇవాళ్టికి ఉండనివ్వండి సార్,” అంది బొద్దక్క. “ఇంకా ఆరలేదు.”

కోటు ఆరిపోయి గంటయింది. కిటికీ పక్క మేకుకి, నెత్తిన టోపీతో, మెడ దాకా గుండీలు పెట్టుకుని, ఫ్యాను గాలికి ఒక చెయ్యి రోడ్డు వైపు మెల్లగా ఆడిస్తూనే ఉంది.